మన వాడలలో స్త్రీల శ్రమ – దాని లెక్క

షోలాపుర పట్టణపు తూర్పు భాగములోని మన నేతవాడలలో ప్రొద్దుటిపూట నడచిపోవువారికి రెండు చప్పుళ్లు వినబడును. ఒకటి మరమగ్గముల చప్పుడు. అది వీధి మొదటినుండి చివరివరకు వినవచ్చును. రెండవది ఆకు కత్తిరించు కత్తెర చప్పుడు. గడపదగ్గర నిలిచి చెవియొగ్గిననే కాని అది వినరాదు. మొదటి చప్పుడునకు పేరు ప్రతిష్ఠలు కలవు. షోలాపురపు దుప్పటికిని తువ్వాలునకును ప్రభుత్వమువారి భౌగోళిక గుర్తింపుకూడ లభించినది. రెండవదానికి అట్టి కీర్తి యేమియు లేదు. అయినను మన పాఠశాలలో చదువుకొను పిల్లలలో ఎందరికో పుస్తకములు, చెప్పులు, పండుగబట్టలు ఆ కత్తెర చప్పుడునుండియే వచ్చుచున్నవి. ఈ సంచికలో ఆ పనిని గూర్చి, అది చేయు తల్లుల సుఖదుఃఖములను గూర్చి కొంత వ్రాయదలచితిమి.

మన పెద్దలలో చాలమంది నైజాము రాజ్యములోని పల్లెలనుండి ఇచటికి వలస వచ్చినవారు. 1876–78 సంవత్సరముల క్షామము దక్కను పీఠభూమినంతటిని పీడించినది. ఆ దినములలోనే, 1877లో, షోలాపురములో మొదటి నూలుమిల్లు పని ప్రారంభించినది. పల్లెలో ఎండిన మగ్గమును విడిచి పట్టణమునకు నడచివచ్చిన కుటుంబములెన్నియో కలవు. ఆ పల్లెలోని నేతయిల్లు ఎట్లుండెడిదో నేటి పిల్లలకు తెలియదు గనుక ఒకమాట చెప్పవలసియున్నది. మగ్గము గుంటలో కూర్చుండి నాడె విసరువాడు పురుషుడు. కాని నూలు తోడుట, ఆసు పోయుట, కండెలు చుట్టుట, పడుగునకు గంజి పెట్టునపుడు రెండవ కొస పట్టుకొనుట, ఇవన్నియు స్త్రీలును పిల్లలును చేసెడివారు. ఒక మగ్గము ఆడుటకు ఇంటిలో ఇద్దరు ముగ్గురి చేతులు కావలసియుండెను. చీర అమ్ముడుపోయిన డబ్బు మాత్రము ఒకరి చేతికే వచ్చెడిది. వానకాలములో నాట్లకు, కలుపులకు, కోతలకు కూలిపోయినపుడు స్త్రీకి కొలిచియిచ్చు గింజలే ఆమె కంటికి కనబడిన సొంత సంపాదన.

పట్టణమునకు వచ్చినతరువాత మిల్లులలో స్త్రీలకుకూడ కొంత పని దొరకినది. నూలు చుట్టు విభాగములలో వారిని చేర్చుకొనెడివారు. 1929లో బొంబాయి రాష్ట్రమున ప్రసూతి సౌకర్యముల చట్టము వచ్చినది. మంచి చట్టమే. కాని ప్రసవమునకు డబ్బు ఇయ్యవలసివచ్చుననియు, రాత్రిపాళికి స్త్రీలను పెట్టరాదనియు లెక్క చూచుకొని యజమానులు అనేకచోట్ల స్త్రీలను చేర్చుకొనుటయే తగ్గించిరి. తరువాత చేతిమగ్గములు పోయి మరమగ్గములు వచ్చినవి. మిల్లులు ఒకటొకటిగా మూతపడినవి. పురుషుడు చేతిమగ్గమునుండి మిల్లునకు, మిల్లునుండి మరమగ్గమునకు మారినాడు. స్త్రీ ఇంటిలోనే యుండి చాట ఒడిలో పెట్టుకొని బీడీలు చుట్టసాగినది. మరమగ్గముల కార్ఖానాలలో కండెలు చుట్టువారు, తువ్వాళ్ల అంచులు కుట్టువారు, మడతపెట్టువారు స్త్రీలే యని మాకు తెలియును. అయినను ఈ వాడలలో స్త్రీల పని యనగానే మొదట గుర్తు వచ్చునది బీడీయే.

పల్లెలలో నేడు జరుగుచున్నదికూడ ఇట్టిదే. దున్నుటకు ట్రాక్టరు వచ్చినది, కోతకు యంత్రము వచ్చినది. వాటిని నడుపువాడు పురుషుడు. వంగి నాటువేయుట, ప్రత్తి యేరుట, మిరపకాయలు కోయుట స్త్రీకి మిగిలినవి. పురుషులు పట్టణములకు, ఇటుకబట్టీలకు, గల్ఫు దేశములకు పోగా సేద్యము స్త్రీల భుజములమీద పడినది. 2023–24 సంవత్సరపు ప్రభుత్వ సర్వేలో గ్రామములందలి పనిచేయు స్త్రీలలో నూటికి సుమారు 77 మంది వ్యవసాయమునందే యున్నట్లు తేలినది. ఇందరు పొలములో పనిచేయుచుండగా పట్టాపుస్తకములో పేరు మాత్రము ఎక్కువగా భర్తదో, మామగారిదో యుండును. ఇది మన వాడకు దూరపు సంగతి కాదు. మన బంధువర్గములో సగము ఇంకను ఆ పల్లెలలోనే యున్నది.

ఆ పల్లెకును ఈ వాడకును మధ్య ఒక ఆకు కలదు. బీడీకి పై చుట్టుగా వాడునది తునికి ఆకు. తెలంగాణము, ఛత్తీస్‌గఢ్, మధ్యప్రదేశ్, ఒడిశా అడవులలో ఇది దొరకును. ఏప్రిల్, మే మాసముల ఎండలో తెల్లవారకముందే అడవికి పోయి ఆకు కోసి, ఏబది ఆకుల కట్టలు కట్టి, కల్లములో ఆరబెట్టువారిలో ఎక్కువమంది స్త్రీలే. పొలములో పని లేని ఆ రెండు మాసములలో పేద కుటుంబములకు అదియే ఆధారము. అనగా ఆకు ఒక స్త్రీ చేతిలో చెట్టునుండి విడివడి, మూటలలో వందల మైళ్లు పోయి, మరియొక స్త్రీ చేతిలో బీడీ యగుచున్నది. ఈ ఇద్దరును ఒకరినొకరు చూచినవారు కారు.

ఇక బీడీ చుట్టు విధానము. తల్లులకు ఇది చెప్పనక్కరలేదు. ఇంటి పురుషులకొరకు వ్రాయుచున్నాము. ఏలయన, చాట ఎదుట నిత్యము నడచుచుండియు ఆ పనిని చూడనివారు కొందరు కలరు. రాత్రి ఆకు తడిపి గుడ్డలో చుట్టిపెట్టవలెను. ఉదయము రేకుముక్క కొలతగా పెట్టి ఒక్కొక్క ఆకును కత్తిరించవలెను. ఈనె లావుగా నుండరాదు. కత్తిరించిన ముక్కలో తంబాకు సమముగా పరచి, వ్రేళ్లతో చుట్టి, దారము కట్టి, మూతి మలచవలెను. ఇరువదియైదు బీడీలు ఒక కట్ట. వేయి బీడీలకు నలుబది కట్టలు. కూలి వేయింటికి ఇంత యని యుండును.

ఒక చిన్న లెక్క చూతము. వేగముగా చుట్టు స్త్రీ దినమునకు పది గంటలు కూర్చుండి వేయి బీడీలు చేయుననుకొందము. పది గంటలకు 36,000 సెకండ్లు. వేయింటికి పంచిన ఒక్కొక్క బీడీకి 36 సెకండ్లు. ఈ 36 సెకండ్లలోనే ఆకు కత్తిరించుటయు, నింపుటయు, చుట్టుటయు, కట్టుటయు జరుగవలెను. నెలకు 25 దినములు పనిచేసిన 25,000 బీడీలు, సంవత్సరమునకు 3 లక్షలు. ముప్పది యేండ్లు చుట్టిన తల్లి 90 లక్షల బీడీలు చుట్టినట్లగును. అన్నిసార్లు ఆ బొటనవ్రేలు మడతపడినది. ఈ లెక్కను మా పాఠశాలలో ఏడవ తరగతి పిల్లలచేత చేయించితిమి. జవాబు వచ్చినపిదప తరగతిలో కొంతసేపు మాట లేదు.

చుట్టినంతమాత్రమున కూలి చేతికి రాదు. కార్ఖానాకు మోసికొనిపోయి అప్పగించవలెను. అచట కట్టలు విప్పిచూచి, బాగుగా లేవని కొన్ని తీసివేయుదురు. తీసివేసినవాటికి కూలి లేదు. ఇచ్చిన ఆకులో చిల్లులు, మచ్చలు ఎక్కువగా నున్నచో వేయి బీడీలకు ఆకు చాలదు. అపుడు తక్కువ పడిన ఆకును సొంత డబ్బుతో కొనవలసివచ్చును. కాగితముమీది కూలికిని ఇల్లు చేరిన కూలికిని భేదము ఇందువలననే కలుగుచున్నది.

ఆరోగ్యమును గూర్చి కొంచెము వివరముగా చెప్పవలెను. తంబాకులోని నికొటిన్ అను పదార్థము పొగ త్రాగినవారికే సోకుననుకొనుట పొరపాటు. తంబాకు నిత్యము తాకువారి చర్మముద్వారాకూడ అది దేహములో ప్రవేశించునని వైద్యులు నిర్ధారించిరి. తలతిరుగుట, వికారము, ఆకలి మందగించుట దీనివలన కలుగవచ్చును. తంబాకు ధూళి ఊపిరితోపాటు లోపలికి పోయి దగ్గును, ఆయాసమును కలిగించును. ముందుకు వంగి గంటలకొలది కూర్చుండుటవలన నడుము, మెడ, మోకాళ్లు నొచ్చును. చాలని వెలుతురులో చూచి చూచి కండ్లు అలసిపోవును. ఇవి యన్నియు నలుబదియేండ్ల తల్లులు మాతో చెప్పుకొను మాటలే. వయసు మీదపడినదని వారు సర్దుకొనుచున్నారు. నలుబది యేమంత వయసు?

ఇంటిలో చేయదగిన జాగ్రత్తలు కొన్ని కలవు. ఖర్చు లేనివే. కిటికీ లేదా తలుపు దగ్గర, గాలి వెలుతురు వచ్చుచోట చాట పెట్టుకొనవలెను. తంబాకును మూతగల డబ్బాలో నుంచవలెను. పసిపిల్లలు పండుకొను గదిలో రాత్రి దానిని ఉంచరాదు. అన్నము కలుపుటకు ముందును, బిడ్డకు పాలిచ్చుటకు ముందును చేతులు సబ్బుతో కడుగుకొనవలెను. గంటకొకసారి లేచి నాలుగడుగులు నడవవలెను. గర్భవతులు వీలైనంతవరకు తంబాకును తాకకుండుట మేలు. ఈ చివరిమాట వ్రాయుట సులభము, ఆచరించుట కష్టమని మేమెరుగుదుము. పని మానిన నెలలో కూలి రాదు, కిరాణాకొట్టువాడు ఆగడు. ఆ నెలలలో ఇంటి ఖర్చును భర్తయు, అత్తమామలును ముందుగా ఆలోచించి సర్దుకొనిననే ఆ మాటకు అర్థముండును.

మరియొక సంగతి. 2024లో ప్రభుత్వము జరిపిన కాలవినియోగ సర్వేలో, మన దేశమున ఇంటిపని చేయు స్త్రీలు దినమునకు 289 నిమిషములును, పురుషులు 88 నిమిషములును ఆ పనికి వెచ్చించుచున్నట్లు తెలిసినది. 289 నిమిషములనగా దాదాపు ఐదు గంటలు. బీడీ చుట్టు తల్లికి ఆ ఐదు గంటలు పైన చెప్పిన పది గంటలకు మీదు. బతుకమ్మ ఆడు దినములలో తప్ప ఆమె సాయంకాలము వాకిటిలో ఊరక నిలిచియుండగా చూచుట అరుదు.

ఈ శ్రమలోనుండియే మన స్త్రీలు కొన్ని గొప్ప పనులు సాధించిరి. వాటినికూడ చెప్పకపోయిన అన్యాయమగును. పట్టణమునకు వెలుపల కుంభారి గ్రామమువద్ద స్త్రీ బీడీకార్మికులకొరకు పదివేల యిండ్ల కాలనీ వెలసినది. వారలీ గిరిజనుల మధ్య పనిచేసిన గోదావరీ పరుళేకర్ పేరిట దానిని గోదూతాయి కాలనీ యందురు. కార్మికనాయకుడు నర్సయ్య ఆడం ఆ ఉద్యమమును నడిపెను. 2006లో అప్పటి ప్రధానమంత్రి మన్మోహన్ సింగ్ గారు వచ్చి ఇండ్లను అప్పగించిరి. అదే ప్రాంతమున 30 వేల యిండ్ల రేనగర్ పథకము తలపెట్టబడి, 2024 జనవరి 19న ప్రధానమంత్రి నరేంద్ర మోదీ గారు మొదటి 15 వేల యిండ్లను అందజేసిరి. వాడలోని ఒంటిగది అద్దెయింటిలో చాటకును ఊయలకును పొయ్యికిని నడుమ గోడ లేదు. గది వేరైన ఇంటిలో తంబాకునకును పసిబిడ్డకును నడుమ ఒక గోడయైన నుండును. ఇల్లు ఊరికి దూరమైనది, బస్సు ఖర్చు పెరిగినది అని చెప్పువారును కలరు. అదియు నిజమే.

ఇపుడు ముఖ్యమైన విషయమునకు వచ్చుచున్నాము. బీడీపని ఎంతకాలముండును? దేశములో పెద్దవారిలో బీడీ త్రాగువారు 2009–10లో నూటికి 9.2 మంది యుండగా, 2016–17 నాటికి 7.7 మంది యైరి. పొగ త్రాగుట తగ్గుట దేశమునకు మేలు. దానిని ఎవరును కాదనరు. కాని ఆ మేలు మన యింటి కూలిని కొంచెము కొంచెముగా హరించుచున్నది. నేడు చుట్టుచున్న తల్లికి ఈ పని దొరకవచ్చును. నేడు ఎనిమిదవ తరగతిలోనున్న కూతురునకు అది జీవితాంతము దొరకునని ఎవరు చెప్పగలరు?

కేరళలో ఒక ఉదాహరణము కలదు. 1966లో బీడీకార్మికుల చట్టము వచ్చెను. దానిని అమలుపరచునపుడు కన్ననూరు ప్రాంతమున పెద్ద యజమానులు కార్ఖానాలు మూసివేసిరి. పని పోయిన కార్మికులు 1969లో దినేశ్ బీడీ అను సహకారసంఘమును స్థాపించుకొనిరి. బీడీల అమ్మకము తగ్గనారంభించినపుడు ఆ సంఘమే 1990ల చివరినుండి కొబ్బరిపాలు మొదలగు ఆహారపదార్థములు, గొడుగులు, దుస్తులు తయారుచేయ నారంభించినది. బీడీ తగ్గుచున్నదని ముందే గ్రహించుటవలన అది సాధ్యమైనది. మన షోలాపురములో పాఠశాల యూనిఫారములు కుట్టు పరిశ్రమ ఇటీవలి కాలములో బాగుగా పెరిగినది. కుట్టుపని, కత్తిరింపు, లెక్కలు వ్రాయుట, సరకు పంపుట మొదలగు పనులు అందులో కలవు. వీనిలో కుట్టుటకు మాత్రమే మన బాలికలు పోయి, మిగిలినవి ఇతరులకు దక్కిన, పాతకథయే మరల జరుగును. ఈ పనులకు మరాఠీ వ్రాయుట, కంప్యూటరుమీద బిల్లు చేయుట, కొంత ఆంగ్లము కావలెను. తెలుగు మాధ్యమములో చదివిన బాలికకు ఇవి రావన్న మాట మేమంగీకరింపము. కాని వాటికి చదువుటకు సమయముండవలెను.

ఆ సమయమునుగూర్చియే తల్లిదండ్రులతో మనవి. సాయంకాలము బడినుండి పోయిన బాలిక ఆకు కత్తిరించుటకో, మూతులు మలచుటకో, కట్టలు కట్టుటకో కూర్చుండును. దినమునకు రెండు గంటలే కదా యనవచ్చును. బడి జరుగు దినములు 220 అనుకొనిన, అవి 440 గంటలు. బడిలో దినమునకు ఐదున్నర గంటల చదువు. 440 గంటలనగా ఎనుబది బడిదినములు. బాలిక ఒక్కనాడైన బడి మానకుండియే సంవత్సరమునకు ఎనుబది దినముల చదువును పోగొట్టుకొనుచున్నది. ఆమె తమ్ముడు ఆ సమయమున మైదానములో నుండును. 1986లో వచ్చిన బాలకార్మిక చట్టము బీడీపనిని పిల్లలచేత చేయించరాని పనులలో చేర్చినది. అయితే ఇంటివారితో కలిసి చేయుపనికి అందులో మినహాయింపు ఉండెను. ఆ సందులోనుండి మన పిల్లలు జారిపోయిరి. 2016 సవరణతో ఆ మినహాయింపు బడివేళలు కాని సమయమునకును, అపాయములేని పనులకును పరిమితమైనది. చట్టము మాట యెట్లున్నను, వేయి బీడీలు పూర్తికాని తల్లి ఎవరి సహాయము కోరవలెను? అదే ప్రశ్నను మేము తండ్రులకును, అన్నదమ్ములకును పంపుచున్నాము. నీళ్లు పట్టుట, గిన్నెలు తోముట, కట్టలు మోసి కార్ఖానాకు చేర్చుట వారు చేసిన, కూతురు రెండు గంటలు పుస్తకము తెరచుకొనును.

ఇక తల్లుల హక్కులకు సంబంధించిన కాగితముల సంగతి. ఇంటివద్ద బీడీ చుట్టువారును భవిష్యనిధికి అర్హులైన ఉద్యోగులేయని 1985లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. 1976లో బీడీకార్మికుల సంక్షేమనిధి చట్టము వచ్చినది. దానికై విధించిన సుంకము 2017లో జి.ఎస్.టి. వచ్చుటతో రద్దయినది. 1966 చట్టము 2025 నవంబరు 21నుండి కొత్త కార్మికస్మృతిలో కలిసిపోయినది. చట్టముల పేర్లు మారినను తల్లి చేతిలో నుండవలసినవి మారలేదు: గుర్తింపుకార్డు, అప్పగించిన బీడీల లెక్క వ్రాసిన పుస్తకము, భవిష్యనిధి సంఖ్య. ఒకే యింటిలో ఇద్దరు చుట్టి ఒకరి పుస్తకములోనే లెక్క వ్రాయించుకొనుట మన వాడలలో కలదు. అట్లు చేసిన రెండవ స్త్రీ ముప్పదియేండ్లు పనిచేసినను, కాగితముమీద ఒక్కనాడైన పనిచేసినట్లు కాదు. భవిష్యనిధి పింఛనునకు 2014లో నెలకు వేయి రూపాయల కనిష్ఠము నిర్ణయింపబడినది. అది స్వల్పమే. అయినను పుస్తకములో పేరులేనివారికి అదియు లేదు. తెలంగాణ రాష్ట్రములో బీడీకార్మికులకు ప్రభుత్వము నెలనెలా భృతి యిచ్చుచున్నది. సిరిసిల్లలోని చెల్లెలికి వచ్చు ఆ డబ్బు, ఇచట స్థిరపడిన అక్కకు వర్తింపదు.

మన భాషవారికి ప్రత్యేకముగా వచ్చు చిక్కు పేర్లది. మనలో ఇంటిపేరు ముందు వ్రాయుదురు, మహారాష్ట్రులలో చివర వ్రాయుదురు. నడుమ పెండ్లికి పూర్వము తండ్రిపేరు, తరువాత భర్తపేరు. పుట్టింటివారు లక్ష్మవ్వ యని పిలిచినదానిని కార్ఖానా గుమాస్తా లక్ష్మీబాయి యని వ్రాసికొనును. ఆధార్ పత్రములో ఆంగ్లములో లక్ష్మి యని యుండును. మువ్వురును ఒక్కతెయేయని ఇరుగుపొరుగుకు తెలియును, కార్యాలయమునకు తెలియదు. ఏండ్ల తరబడి కూడబెట్టిన నిధిని తీసికొనబోవునపుడు ఈ భేదముతో దరఖాస్తు తిరిగివచ్చును. పుట్టినతేదీకిని ఇదే గతి. బడిలో చదివిన స్త్రీకైన మా రిజిస్టరులోని నమోదు సాక్ష్యముగా పనికివచ్చును. కావున పూర్వము ఈ పాఠశాలలో చదివిన తల్లులు తమ దాఖలా నకలును మా కార్యాలయమునుండి పొందవచ్చును.

బీడీకార్మికుల పిల్లలకు కేంద్ర కార్మికశాఖవారు విద్యార్థివేతనము లిచ్చుచున్నారు. తరగతినిబట్టి సంవత్సరమునకు 1,000 మొదలు 25,000 రూపాయల వరకు కలదు. దరఖాస్తును జాతీయ విద్యార్థివేతనముల పోర్టల్‌లో పంపవలెను. తల్లి గుర్తింపుకార్డు, బ్యాంకు ఖాతా, బిడ్డ పేరు అన్నియు సరిపోవలెను. బిడ్డ పేరులోని తప్పును బడిలో చదువుచుండగా సరిచేయించుట తేలిక, పదవ తరగతి పరీక్ష ముగిసినపిదప మిక్కిలి కష్టము. జూన్, జూలై మాసములలో శనివారము మధ్యాహ్నము, కార్ఖానాకు బీడీలు అప్పగించి తిరిగివచ్చు వేళకు, మా కార్యాలయము తెరచియుండును. తల్లులు ఆధార్ పత్రమును, బీడీకార్డును వెంట తెచ్చినయెడల మా రిజిస్టరు ప్రక్కన పెట్టి అక్షరమక్షరము సరిచూచెదము. చదువరాని తల్లులకు దరఖాస్తులు మా ఉపాధ్యాయులే వ్రాసిపెట్టుదురు.